నూరాలి, వడగట్టాలి, తాగాలి: చిట్కాలో కర్త ఎవరు?

శొంఠి అరగదీసి కణతలకు పట్టు వెయ్యాలి. వాము వేయించి, గుడ్డలో మూట కట్టి, పొత్తికడుపు మీద కాపడం పెట్టాలి. మెంతులు రాత్రంతా నానబెట్టి పరగడుపున మింగాలి. ఏ తెలుగు పత్రిక తెరిచినా వంటల పేజీకీ ముగ్గుల పేజీకీ నడుమ చిన్న గడిలో ఇలాంటి వాక్యాలు కనిపిస్తాయి. గృహవైద్యం అంటాం, బామ్మ చిట్కాలు అంటాం, వంటింటి వైద్యం అంటాం. సాహిత్య విద్యార్థిగా నన్ను మొదట ఆపింది వీటి వ్యాకరణం. ఈ వాక్యాల్లో కర్త లేదు. తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడపడం మామూలే. కథలోనో ఉత్తరంలోనో కర్త లోపిస్తే ఎవరో ముందు వాక్యాన్ని బట్టి తెలిసిపోతుంది. చిట్కాకి ముందు వాక్యం ఉండదు. నూరాలి, వడగట్టాలి, తాగాలి – మూడు క్రియలకీ ఒకటే తోక. నూరేవాళ్లూ తాగేవాళ్లూ ఒకరే అన్నట్టు ఉంటుంది. మామగారికి దగ్గు వస్తే నూరేదీ వడగట్టేదీ కోడలు, తాగేది మామగారు. కోడలికే దగ్గు వస్తే మూడూ ఆమే. లేదా మూడూ జరగవు. పొద్దున్నే ఇద్దరు పిల్లలకి డబ్బాలు కట్టి, తనూ ఆఫీసుకి పరిగెత్తే మనిషి తన దగ్గు కోసం మిరియాలు దంచుకుంటుందా?

ఇంటి వైద్యం గురించీ నమ్మకాలతో చేసే వైద్యం గురించీ మన పేజీల్లో రాసినప్పుడు సాధారణంగా రెండు దారుల్లో నడుస్తాం. ఒకటి హేతువాదం దారి: ఇదంతా అజ్ఞానం, స్త్రీలని ఇందులోంచి బయటికి లాగాలి. రెండోది స్త్రీల జ్ఞానం దారి: ఇది అమ్మమ్మలు తరతరాలుగా కూడబెట్టిన విద్య, పితృస్వామ్య వైద్యం దాన్ని తొక్కేసింది. రెండో దారి మీద నాకు అభిమానం ఎక్కువ, దాచుకోను. అయినా రెండు దారులూ మందు చుట్టూనే తిరుగుతాయి, అది పని చేస్తుందా లేదా అని. ఏ ఇంట్లో ఎవరి జబ్బుకి చిట్కా, ఎవరి జబ్బుకి డాక్టరు? అది తేల్చింది ఎవరు? ఈ ప్రశ్న అడిగితే చిట్కా ఒక వాచకంగా చాలా విషయాలు చెబుతుంది.

నేను ఈ మాటలు ఎక్కువగా విన్నది అమీర్‌పేట, పంజగుట్టల మధ్య. వైద్యం గురించి ఆలోచించడానికి ఇంతకన్నా వింత చోటు హైదరాబాదులో లేదేమో. పంజగుట్టలో, ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా మొదలైన నిమ్స్. దాని గేటు బయట జిల్లాల నుంచి వచ్చిన వాళ్లు స్కానింగ్ కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. అమీర్‌పేట పక్కన మందుల్లేకుండా మట్టితో, నీళ్లతో, ఉపవాసంతో చికిత్స చేసే ప్రకృతి చికిత్సాలయం. ఆ దగ్గర్లోనే బల్కంపేట ఎల్లమ్మ గుడి. ఇక మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు, వెనక సందుల్లో లేడీస్ హాస్టళ్లు. ఆ హాస్టళ్ల గదుల్లో ఆడపిల్లల ట్రంకు పెట్టెలు వెతికితే వాము పొట్లం, ఇంగువ, ఒక తాయెత్తు, పక్కనే పారాసెటమాల్ షీటు దొరుకుతాయి. అమ్మ ఇచ్చినవి, మెడికల్ షాపులో కొన్నవి, వేటికీ వేటితో పేచీ లేదు.

నేను పరిశోధన చేసే రోజుల్లో అలాంటి హాస్టల్లో వంట చేసిన అక్క ఒకామె ఉంది. నల్లగొండ వైపు మనిషి. నెలసరి నొప్పితో మంచం దిగని పిల్ల దగ్గరికి తనే వచ్చేది. "కడుపు నొస్తుందా బిడ్డా? జర వాము నములు, ఉడుకు నీళ్లు తాగు. మా అత్త గిట్లనే ఇచ్చేది." పత్రికలో గడి కట్టి వేసిన చిట్కాకీ ఈ మాటకీ తేడా చూడండి. ఇందులో చెప్పే మనిషి ఉంది, వినే మనిషి ఉంది, ఇద్దరికీ వెనక ఒక అత్త ఉంది. అచ్చులోకి వెళ్లేసరికి ముగ్గురూ ఎగిరిపోయి వాము, ఉడుకు నీళ్లు మిగులుతాయి.

నమ్మకాలతో ముడిపడిన వైద్యంలోనూ ఇదే కనిపిస్తుంది. బల్కంపేటలో ఎల్లమ్మ విగ్రహం నేల మట్టానికి సుమారు 10 అడుగుల దిగువన, బావిలో, శయనించి ఉంటుంది. ఆ బావి నీళ్లు ఒంటి మీద పోసుకుంటే చర్మరోగాలు పోతాయని నమ్మి సీసాల్లో పట్టుకెళతారు. మశూచి ఉన్న రోజుల్లో ఎల్లమ్మ, పోచమ్మలే ఆ జబ్బు ఇచ్చేవాళ్లు, తీసుకెళ్లేవాళ్లు కూడా. 'అమ్మవారు పోసింది' అనడంలో జబ్బు శత్రువు కాదు, ఇంటికొచ్చిన ఆడమనిషి. 1813లో జంటనగరాల్లో ప్రబలిన మహమ్మారి కథతోనే బోనాల పుట్టుకని చెప్పుకుంటారు. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. జబ్బు పోయింది, అమ్మ ఉండిపోయింది. అమ్మవారు పోసిన ఇంట్లో పాటించిన నియమాలు గుర్తు చేసుకోండి: తాలింపు వెయ్యకూడదు, వేపరొట్ట మార్చాలి, బయటివాళ్లని రానివ్వకూడదు, మొగుడూ పెళ్లాం కలవకూడదు. రోగికి విశ్రాంతి, ఏకాంతం దొరికే ఏర్పాటు ఇందులో ఉందని మెచ్చుకునే వాళ్లున్నారు. నిజమే. కానీ ఈ 'కూడదు'లన్నిటికీ కాపలా ఎవరు? అమ్మవారికి కోపం వస్తే తప్పు ఎవరి మీదికి పోయేది? తాలింపు వేసిన చేతి మీదికే కదా.

దీన్ని మనకే ప్రత్యేకమైన వెనకబాటుతనంగా చూసేవాళ్లకి ఐర్లండ్ చూపించాలి. అక్కడా పల్లెపల్లెకీ పవిత్రమైన బావులున్నాయి. క్లేర్ ప్రాంతంలోని లిస్కానర్ దగ్గర సెయింట్ బ్రిజిడ్ బావికి ఇప్పటికీ జనం వెళ్తారు. అలాంటి చాలా బావుల దగ్గర రోగి బట్టపేలిక చెట్టు కొమ్మకి కట్టి వస్తారు. ఏడో కొడుకు చేతికి రోగం తగ్గించే గుణం ఉంటుందంటారు. మనం హస్తవాసి అంటాం కదా, దానికి దగ్గరి మాటే. నన్ను బాగా పట్టుకున్న నమ్మకం ఒకటుంది. పుట్టింటి పేరూ అత్తింటి పేరూ ఒకటే అయిన స్త్రీ, అంటే పెళ్లయినా ఇంటిపేరు మారని స్త్రీ, తన చేత్తో రొట్టె ఇస్తే పిల్లలకి కోరింత దగ్గు తగ్గుతుందట. పెళ్లితో పేరు పోగొట్టుకోవడం ఎంత సహజమైపోతే, పోగొట్టుకోని మనిషి చేతికి అంత మహిమ వస్తుంది! పేరు మార్చుకోని మా స్నేహితురాళ్లకి ఈ విషయం చెబితే పడీపడీ నవ్వారు.

అయితే ఐర్లండ్ నుంచి నేను తీసుకోదలచింది నమ్మకం కన్నా దాన్ని రాసిపెట్టిన పద్ధతి. 1937 నుంచి 1939 దాకా అక్కడి జానపద సంఘం దేశంలోని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలకి ఒక పని అప్పగించింది: ఇంట్లో, ఇరుగుపొరుగున పెద్దవాళ్ల దగ్గర కథలు, ఆచారాలు, మందులు అడిగి నోటుపుస్తకాల్లో రాయమని. చాలా పేజీల కింద చెప్పినవాళ్ల పేరు, వయసు, ఊరు ఉంటాయి. పులిపిర్లు పోవడానికి ఏం చెయ్యాలో చెప్పిన ముసలమ్మ ఆ పేజీ మీద ఇంకా ఉంది. మన గృహవైద్య పుస్తకాల వెనక అట్ట మీద సంకలనకర్త ఫొటో ఉంటుంది.

పేరు నిలిచిన వైద్యం మనకి లేక కాదు. ఏటా మృగశిర కార్తెకి హైదరాబాదులో ఇచ్చే చేపమందు సంగతి అందరికీ తెలుసు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, ఉబ్బసం ఉన్నవాళ్ల చేత మింగిస్తారు. 1845 నుంచి ఉచితంగా ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాల అభ్యంతరాలూ కోర్టు కేసులూ వచ్చాక 'చేపమందు' కాస్తా 'చేపప్రసాదం' అయింది. మందు అంటే రుజువు చూపించాలి, ప్రసాదం అంటే అక్కర్లేదు. దాని గుణం గురించి నాకు నమ్మకం లేదు. నేను చూసేది దానికున్న హంగు: ఒక సంవత్సరం, ఒక మూలకథ, ఒక ఇంటిపేరు, 'బత్తిని సోదరులు' అనే పిలుపు, పోలీసు బందోబస్తు, పేపర్లో మొదటి పేజీ. అదే మంత్రసానికి మనం ఇచ్చింది ఒక సామెత. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. ఎన్నో ఊళ్లలో మంగలి, మాదిగ స్త్రీలు చేసిన పని అది. మాయ తీసి, బొడ్డు కోసి, మురికి గుడ్డలు ఉతికి, ఇంటి గడప లోపలికి మళ్లీ రానివ్వకపోతే ఊరుకున్న మనుషులు. వాళ్ల చేతిలోని విద్యకి భాష దాచిపెట్టింది వెటకారమే. 'స్త్రీల జ్ఞానం' అని మనం ఏకవచనంలో మాట్లాడినప్పుడు వంటింట్లో జీలకర్ర కషాయం కాచిన అమ్మమ్మా, పురిటిగదిలో నెత్తుట్లో చేతులు పెట్టిన ఈ మనిషీ ఒకే వాక్యంలోకి వచ్చేస్తారు. రాకూడదు.

మన సాహిత్యం ఈ వైద్యాన్ని ఎలా చూసింది? కందుకూరి 'రాజశేఖర చరిత్రము' (1878) జ్యోతిష్యం, భూతవైద్యం, బంగారం చేసే బైరాగుల విద్య – అన్నిటినీ ఎండగట్టింది. సంస్కర్తల రచనల్లో ఈ సన్నివేశానికి స్థిరమైన పాత్రలున్నాయి: మోసం చేసే మగవాడు, మోసపోయే ఆడది, నవ్వే పాఠకుడు. ఆడదానికి ఎందుకు ఒంట్లో బాగుండటం లేదు అన్న ప్రశ్న ఆ నవ్వులో మునిగిపోతుంది. యాభై ఏళ్లకి దృశ్యం మారింది. 1928లో మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' పత్రిక వచ్చింది. స్థాపించింది కేసరి కుటీరం అధిపతి డాక్టర్ కె. ఎన్. కేసరి. ఆయన ఆయుర్వేద వైద్యుడు. ఆయనకి పేరూ డబ్బూ తెచ్చినవాటిలో ముఖ్యమైనది స్త్రీల గర్భాశయ రుగ్మతలకని అమ్మిన 'లోధ్ర'. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' రాసింది ఆ పత్రికలోనే. 1934లో మొదటి గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకున్నదీ ఆమే. స్త్రీల సాహిత్య చరిత్ర రాసేవాళ్లం స్వర్ణకంకణం దాకా వచ్చి ఆగిపోతాం, సీసా దాకా వెళ్లం. వెళ్లాలి. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు రచయిత్రులకి ఒక వేదిక దొరికిందంటే, దాని వెనక పెట్టుబడిలో కొంత పేరు తెలియని వేలమంది ఆడవాళ్ల తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుము నొప్పి. లొద్దుగ చెట్టు బెరడు ఆ బాధలకి వాడటం పాత ఆయుర్వేదంలోనే ఉంది. కేసరి దాన్ని సీసాలో పోసి పోస్టులో పంపాడు. డాక్టరుకి చూపించుకోలేని, చెప్పుకోలేని జబ్బుకి పోస్టులో వచ్చే మందు ఎంత ఊరటో ఊహించగలను. దాన్ని వెక్కిరించను. అది చెప్పుకోలేకపోవడాన్ని అలాగే ఉంచి, దాని మీదే నడిచిన వ్యాపారం అన్నమాట మాత్రం అనాలి.

ఆ మౌనాన్ని తెలుగులో గట్టిగా బద్దలు కొట్టిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' (1991). పేరులోనే కర్త ఉంది: సందేహపడేది స్త్రీ. ఆ తర్వాత 1997లో శోధిని బృందం మొక్కలతో వైద్యం గురించి, పల్లె స్త్రీలతో కలిసి చేసిన పని ఆంగ్లంలో పుస్తకంగా వచ్చింది. మందుని మాత్రమే పోగుచెయ్యకుండా తమ శరీరాన్ని తామే చూసుకోవడం నేర్చుకున్న స్త్రీల పని అది. మన చిట్కాల పేజీలు ఈ రెంటి తర్వాతా ఏమీ జరగనట్టే నడిచాయి. టీవీ వచ్చాక మరీనూ. గడి తెర మీదికి మారింది, చెప్పే బామ్మ స్థానంలో తెల్ల గడ్డం ఆయన వచ్చి కూర్చున్నాడు.

హైదరాబాదు మీదే వచ్చిన ఇంకో పుస్తకం గురించి ఇక్కడ చెప్పాలి. జాయిస్ ఫ్లూకిగర్ ఆంగ్లంలో రాసిన 'ఇన్ అమ్మాస్ హీలింగ్ రూమ్' (2006). ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిసరాల్లో తన ఇంటి గదిలో కూర్చుని వైద్యం చేసిన ఒక ముస్లిం స్త్రీ గురించిన అధ్యయనం. ఆమె దగ్గరికి హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు వచ్చేవాళ్లు. జ్వరం, ఏడుపు ఆపని పసిబిడ్డ, పిల్లలు కలగకపోవడం, తాగి కొట్టే మొగుడు, నడవని వ్యాపారం, అన్నీ ఆ బల్ల దగ్గరే. రోగి పేరూ రోగి తల్లి పేరూ అడిగి, అక్షరాలకి అంకెలు కట్టి, కాగితం మీద రాసి తాయెత్తు ఇచ్చేది. తండ్రి పేరు కాదు, తల్లి పేరు! ఆమె భర్త సూఫీ గురువు. స్త్రీ గురువు కాకూడదన్న నియమాన్ని ఆమె ఎదిరించలేదు, దాని అంచున కుర్చీ వేసుకుని కూర్చుంది. మనుషుల్లో తేడా ఆడా మగా అన్నదొక్కటే, మతం కాదు అన్న అర్థం వచ్చే మాటలు ఆమెవి. ఒకే మాటతో మతం గోడ కూల్చి, ఆడామగల గోడ నిలబెట్టిందామె. ఫ్లూకిగర్ ఆ రెంటినీ ఓపిగ్గా రాసింది. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనది, తాయెత్తు చేతికి రాకముందు రోగి తన కథ చెప్పుకునే సమయం. కానీ ఆ స్త్రీలు అంతకుముందు ఏ ఆస్పత్రికి వెళ్లారు, ఎంత ఖర్చు పెట్టనిచ్చారు, ఎందుకు వెనక్కొచ్చారు అన్నది ఆ పుస్తకానికి ప్రధాన ప్రశ్న కాదు. నాకు అదే ప్రధానం.

ఎందుకో కామెర్ల విషయంలో చూద్దాం. కామెర్లకి పసరు మందు ఇచ్చే ఇల్లు తెలియని ఊరు మన దగ్గర లేదు. కలుషితమైన నీళ్లతో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే తగ్గుతాయి. పసరుకి మంచి పేరు రావడానికి అది చాలు. ఆ కామెర్లలో హెపటైటిస్-ఇ అనేది ఒకటుంది. అది గర్భిణికి చివరి మూడు నెలల్లో వస్తే 20 నుంచి 25 శాతం దాకా ప్రాణం పోయే ప్రమాదం. మొగుడికీ మరిదికీ తగ్గిన పసరే కదా అని ఆమెనీ ఇంట్లో ఉంచేస్తే? ఇక్కడ పసరు పని చేస్తుందా లేదా అన్న చర్చ చాలదు. ఇంట్లో అందరికీ ఒకే చిట్కా అన్న సమానత్వం ఆమె ఒక్కదాన్నే చంపగలదు. పాలు పట్టని పసికందు పొట్ట మీద పెట్టే వాతల గురించి వేరే చెప్పక్కర్లేదు. వాటిని మౌఖిక సంప్రదాయం పేరుతో కాపాడాలనే వాళ్లతో నాకు మాటల్లేవు.

తెల్లబట్ట దగ్గరికి మళ్లీ వస్తాను, లోధ్ర సీసా అక్కడే వదిలాం కనుక. హాస్టల్ అక్కకి ఆ బాధ పెళ్లయిన కొత్తల్లోనే మొదలైంది. బియ్యం కడిగిన నీళ్లు తాగింది. మెంతులు మింగింది. అత్త చెప్పిన వేరు ఏదో నూరుకుంది. ఏడెనిమిదేళ్లు అలాగే గడిచాయి. ఆ ఏళ్లలో మొగుడి కాలు విరిగితే పట్నం తెచ్చి ఆపరేషన్ చేయించారు, అప్పు చేసి. ఆమెని మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఒక జిల్లా పట్నంలోని ప్రైవేటు నర్సింగ్ హోముకి. అక్కడ వారంలో గర్భసంచి తీసేశారు. అప్పటికి ఆమెకి ముప్ఫై నిండలేదు. "ఉంచితే క్యాన్సరైతదన్నరు బిడ్డా. తీపిచ్చుకున్న." ఇది ఒక్కామె కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇంటి వైద్యానికీ ఆస్పత్రి వైద్యానికీ పోటీ అని మనం రాసుకుంటున్నాం. ఆమె ఒంటి మీద ఆ రెండూ పోటీ పడలేదు, ఒకటి తన వంతు అయ్యాక రెండోదానికి అప్పజెప్పింది. మధ్యలో ఉండాల్సింది, అంటే ఒక పరీక్ష, మామూలు మందుల కోర్సు, మొగుడికి కూడా చికిత్స అవసరమేమో అన్న ప్రశ్న, ఆమె దాకా రాలేదు.

చిట్కాలని ఎవరూ రాసిపెట్టకపోతే ఏమవుతుందో పసుపు విషయంలో చూశాం. గాయాలు మానడానికి పసుపు వాడటం మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంటు ఇచ్చింది. మన సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేస్తే 1997లో రద్దయింది. మనం సంబరపడ్డాం, పడాల్సిందే. కానీ అక్కడ చెల్లిన సాక్ష్యం ఏమిటి? సంస్కృత గ్రంథం, 1953లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం, అలాంటి రాతలు. మరో దేశంలో నోటిమాటగా, చేతిపనిగా ఉన్నదాన్ని అప్పటి అమెరికా పేటెంటు చట్టం పూర్వజ్ఞానంగా ఒప్పుకోదు. తెగిన వేలి మీద పసుపు అద్దిన కోట్ల చేతుల్లో ఒక్కటీ సాక్ష్యానికి పనికిరాలేదు.

అందుకని రాయాలి, కానీ గడిలో వేసినట్టు కాదు. ఐర్లండ్ బడిపిల్లల నోటుపుస్తకంలో ఉన్న పేరు, వయసు, ఊరు కూడా మనకి చాలవు. ఎవరు నూరారు, ఎవరు తాగారు, ఆ ఇంట్లో అదే జబ్బు మగవాళ్లకి వస్తే ఏం చేశారు, ఎన్నాళ్లు చూసి ఆస్పత్రికి వెళ్లారు, వెళ్తే ఏమైంది – ఇవి రాయకుండా మందు పేరు ఒక్కటీ రాస్తే మళ్లీ కర్త లేని వాక్యమే మిగులుతుంది. ఈ మధ్య బల్కంపేట దగ్గర అక్క ఇప్పుడు పని చేసే హాస్టల్‌కి వెళ్లి, ఆమె చెప్పిన మందులు వరుసగా రాసుకున్నాను. పైన నీ పేరు పెట్టనా అని అడిగాను. "నాదెందుకు? మా అత్తది రాయి. మందు ఆమెదే" అంది. అత్త పేరు, ఊరు చెప్పింది. మంత్రసాని పని చేసేదట. పిల్లల కాన్పులకి పిలిచిన ఇళ్లలో ఆమెకి చెంబుతో మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కాదట, దోసిట్లో పోసేవాళ్లట. అది కూడా రాసుకున్నాను, వేరు పేరు పక్కనే.